తాత జాడ చెప్పే కాగితం

“మీ తాత ఎప్పటి మనిషి?”

వీఆర్‌వో ఏమడుగుతున్నాడో అబ్బాయికి అర్థం కాలేదు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన చోటల్లా తెచ్చుకున్న బోనఫైడ్‌లు, రేషన్ కార్డు జిరాక్సు, ఎంసెట్ ర్యాంకు కార్డు ఒక ప్లాస్టిక్ కవర్లో సర్దుకుని మొదటి బస్సుకే మండల కేంద్రానికి వచ్చాడు. అందులో తాతకు సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు.

“సచ్చిపోయిండు సార్. నేను పుట్టకముందే.”

“నేనడిగేది అది కాదు. యాభై ఆరు నవంబర్ కంటే ముందుకెల్లి మీ తాత ఈ ఊర్లె ఉన్నట్టు ఏమన్న కాగితమున్నదా? పట్టా గానీ, పహాణీల పేరు గానీ?”

“మాకు భూమి లేదు సార్.”

వీఆర్‌వో పెన్నుకు మూత పెట్టాడు. మనిషి చెడ్డవాడేం కాదు. పొద్దుటి నుంచి ఇదే మాట ఎంతమందిని అడిగాడో, ఎంతమంది ఇదే జవాబు చెప్పారో ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

“ఏం జూసి ఇయ్యాల్నో పైకెల్లి మాకే ఇంక రాసి పంపలే తమ్మీ. ఊకె సంతకం పెడ్తె రేపు నా మెడకు సుట్టుకుంటది. మీ నాయనను తోల్కరా.”

నాయన పుణెలో ఉన్నాడు, గుంపు మేస్త్రి కింద, సెంట్రింగ్ పనిలో.

2014 ఆగస్టు మొదటి వారమది. తెలంగాణ రాష్ట్రం పుట్టి రెండు నెలలు. ఈ అబ్బాయికి మేం పేరు పెట్టడం లేదు. ఆ ఏడాది ఇంజినీరింగ్ సీటు కోసం ఎదురుచూసిన పేద ఇళ్లలో నడిచిన మాటలను, తిరిగిన ఆఫీసులను పాలమూరు జిల్లాలోని ఒక ఇంట్లో పోగుచేసి చెబుతున్న కథ ఇది. మనుషులు, సంభాషణలు మా కూర్పు. జీవోలు, తేదీలు, నిబంధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

అంతకు వారం ముందు, జూలై 30న, ఉన్నత విద్యాశాఖ జీవో 36 ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాం నుంచి నడుస్తున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ స్థానంలో ‘ఫాస్ట్’ అనే కొత్త పథకం వస్తుందన్నది దాని సారాంశం. అర్హత దగ్గర ఒక గీత గీసింది: విద్యార్థి కుటుంబం 1956 నవంబర్ 1 నాటికే తెలంగాణలో ఉండి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజు అది. ఆ తర్వాత వచ్చినవాళ్ల పిల్లల ఫీజు తెలంగాణ ఎందుకు కట్టాలన్నది ప్రశ్న.

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. నిజాం 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు వచ్చాయి. బయటి నుంచి వచ్చినవాడు పదిహేనేళ్లు ఇక్కడ ఉంటేనే ముల్కీ, ముల్కీకే సర్కారు కొలువు. ఉన్నట్టు చెప్పాల్సింది సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టుంటే దొంగ సర్టిఫికెట్టూ ఉంటుంది కదా! బోగస్ ముల్కీలతో బయటివాళ్లు ఉద్యోగాలు పట్టుకుపోతున్నారని 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోనూ ఆ మంట ఉంది. కాబట్టి కొత్త రాష్ట్రం ‘మనవాళ్లెవరు’ అని అడగడంలో వింతేమీ లేదు. వింత అంతా రుజువు దగ్గర ఉంది. బయటి నుంచి వచ్చినవాణ్ణి ముల్కీ నిబంధన అడిగింది ఆ మనిషి ఎక్కడున్నాడని. ఫాస్ట్ అడిగింది ఆ మనిషి తాత ఎక్కడున్నాడని.

ఇంకో తిరకాసు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు కాలేజీ సీటుకు ‘స్థానికుడు’ ఎవరో అప్పటికే తేల్చేశాయి. అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివితే చాలు. మన అబ్బాయి పుట్టిందీ పెరిగిందీ చదివిందీ పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోనే. అయినా జీవో 36 చదివినవాళ్లకు తేలిందేమిటంటే, ఇతను సీటుకు లోకల్. ఫీజుకు లోకలా కాదా అన్నది తాత చేతిలో ఉంది. తాతేమో లేడు.

ఆ రాత్రి ఇంట్లో కరెంటు పోయింది. వాకిట్లో నులక మంచం మీద అవ్వ పడుకుంది. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. దాటాయని అంతా అనుకోవడమే గానీ కాగితం లేదు. జననాల నమోదును దేశమంతటా ఒకే తీరున తప్పనిసరి చేసే చట్టం వచ్చిందే 1969లో.

“అవ్వా, యాభై ఆరుల తాత యాడున్నడే?”

“యాభై ఆరు అంటె?”

“నెహ్రూ ఉన్నప్పుడు.”

“నెహ్రూనా! నెహ్రూ ఒచ్చి రాయేసిపోయినంక మేము సాగర్‌కు పోయినం. మీ తాత, నేను, మా అన్నలు, ఊరు సగం పోయింది. మీ పెద్దనాయన ఆడనే పుట్టిండు, గుడిసెల.”

నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాది రాయి వేసింది 1955 డిసెంబర్ 10న. పాలమూరు కూలీలు, రాళ్లు కొట్టేవాళ్లు, తట్టలు మోసేవాళ్లు వేలకొద్దీ అక్కడికి చేరారు. యంత్రాలతో కాక మనుషుల చేతులతో లేచిన రాతి కట్టడమది. అవ్వ లెక్క సరిగ్గా ఉంటే 1956 నవంబర్ 1న తాత సాగర్‌లో బండ మోస్తున్నాడు. ముందురోజు దాకా కృష్ణకు ఇవతలి గట్టు హైదరాబాద్ రాష్ట్రం, అవతలి గట్టు ఆంధ్ర రాష్ట్రం. మర్నాటికి రెండూ ఒకటే రాష్ట్రం.

“ఏ ఒడ్డున ఉన్నరే? నల్లగొండ దిక్కా, గుంటూరు దిక్కా?”

“పని యాడుంటె ఆడ. గిదేం అడుగుడు బిడ్డా?”

“మీ పేర్లు రాసుకున్న పుస్తకమేమన్న ఉంటదా?”

అవ్వ నవ్వింది. “తట్టలు మోసినోళ్ల పేర్లు ఎవలు రాస్తరు? మేస్త్రి పేరు రాస్తరు. మేము మేస్త్రి మనుషులం.”

అబ్బాయికి గుండెలో రాయి పడ్డట్టయింది. సాగర్ కట్టినందుకు తాత పరాయివాడు అవుతాడేమో అన్న అనుమానం అతని ఒక్కడిదే కాదు. బతకడానికి పదిచోట్లకు పోయే జిల్లాలో ‘ఫలానా తేదీన ఇక్కడే ఉన్నావా’ అన్న ప్రశ్నకు గట్టిగా అవునని చెప్పగలిగింది భూములు పట్టుకుని కదలకుండా కూర్చున్నవాళ్లే.

ఆ మాట రికార్డు గదిలో కళ్లకు కట్టింది. రెండ్రోజుల తర్వాత మండలాఫీసులో పరిచయమున్న ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్తే, 1954-55 ఖాస్రా పహాణీ నకలు చూపించారు. తెలంగాణలో భూమి లెక్కలకు మూలపుటమ్మ లాంటి రికార్డు అది. ఉర్దూలో ఉంటుంది. వీఆర్‌వోకు ఉర్దూ రాదు. రిటైరైన ఒక ఉర్దూ పంతులును పిలిపించారు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, సర్వే నంబర్ల వెంట వేలు పోనిస్తూ పేర్లు చదివాడు. దొర పేరొచ్చింది. దొర తమ్ముడి పేరొచ్చింది. తాత ఏ ఆసామి దగ్గర జీతం ఉండేవాడో ఆ ఆసామి పేరూ వచ్చింది.

“జీతగాళ్ల పేర్లుండయా సార్?”

“పొలమున్నోడి పేరుంటది, పొలం జేసేటోడి పేరుంటది. ఎడ్లు గాసేటోడి పేరు ఎందుకుంటది?”

ఈ వ్యవహారంలో అసలు తప్పు ఎక్కడుందో మాకు ఆ గదిలోనే కనిపిస్తుంది. సాయం ఎవరికి? లేనివాడికి. రుజువు ఏమిటి? ఉన్నవాడి దగ్గర మాత్రమే ఉండే కాగితం. అరవై ఏళ్ల నాడు పట్టా ఉన్న కుటుంబం ఇవాళ ఎక్కడున్నా అర్హత నిమిషంలో రుజువు చేసుకోగలదు. అదే ఊళ్లో ఆ కుటుంబం పొలంలో పనిచేసినవాడి మనవడు చేయలేడు. ఏ అధికారీ కావాలని చేసిన దుర్మార్గం కాదిది. రుజువు అడిగేముందు ‘ఇది ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరి దగ్గర ఉండదు’ అని ఎవరూ ఆలోచించకపోవడం.

ఈలోగా మీసేవలో కుల, ఆదాయ సర్టిఫికెట్లకు కూడా అప్లై చేశాడు. కులం సంగతి తేలిగ్గానే తేలింది, బీసీ అని. ఆదాయం దగ్గర మళ్లీ వీఆర్‌వోనే.

“మీ నాయనకు ఏడాదికి ఎంతొస్తది?”

“పనుంటె ఒస్తది సార్, లేకుంటె లేదు.”

“ఎంత రాయమంటవ్ మరి?”

ఇది నవ్వులాట కాదు. బీసీలకు ఆనాటి పరిమితి ఏడాదికి లక్ష రూపాయలు. జీతం చీటీ లేనివాడి ఆదాయాన్ని కొలిచే సాధనం వీఆర్‌వో దగ్గర లేదు. ఊరందరికీ పరిమితి కింద ఏదో ఒక అంకె వేసేవారు. కూలీకి, మూడంతస్తుల మేడ ఉండి పన్ను కట్టని వ్యాపారికి పక్కపక్కనే దాదాపు ఒకే అంకె పడేది. ఆ కాగితం మీద హోలోగ్రామ్ ఉంటుంది, బార్‌కోడ్ ఉంటుంది, నంబరు కొడితే ఆన్‌లైన్లో అసలుదేనని వస్తుంది. కాగితం అసలుదే. అందులో రాసిన సంగతిని చూసివచ్చినవాడు లేడు.

ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎంసెట్ కౌన్సెలింగ్‌కు మరింత గడువు కావాలన్న తెలంగాణ వినతిని కోర్టు ఒప్పుకోలేదు. ఆగస్టు నెలాఖరుకు అడ్మిషన్లు ముగించాలంది. ఊళ్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లకు తీర్పు కంటే దాని వెనకొచ్చే గడువే అర్థమైంది. ఇరవై రోజుల్లో కాలేజీలో చేరాలి. ఫీజు ఎవరు కడతారో తెలియకుండా చేరాలి.

నాయన 18న దిగాడు. ఒక్కడే కాదు, బొంబాయి నుంచి, పుణె నుంచి, హైదరాబాద్ అడ్డాల నుంచి ఊళ్లకు ఊళ్లు తిరిగొచ్చాయి. మర్నాడు 19న సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు ఇంట్లో లేనివాడి పేరు రాయరని, పేరు లేకపోతే రేషన్ కార్డు పోతుందని, పింఛను పోతుందని పల్లెపల్లెనా భయం. రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. తెల్లారితే బస్సులు లేవు, దుకాణాలు లేవు. రాష్ట్రమంతా వాకిళ్లలో కూర్చుని తనను లెక్కపెట్టేవాడి కోసం ఎదురుచూసింది.

వీళ్ల వాడకు వచ్చిన ఎన్యూమరేటర్ హైస్కూలు సారు. ప్లాస్టిక్ కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు. ఆధార్లు, బ్యాంకు పాసుబుక్కులు, గ్యాసు, పశువులు, ఇల్లు గోడా కప్పూ అన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. అబ్బాయిని చూసి తల పంకించాడు.

“వీణ్ణి ఆరో తరగతిల నేనే చేర్చుకున్న. టెన్త్‌ల మండలానికి ఫస్టొచ్చిండు. ఏం చేస్తున్నవ్‌రా?”

“ఇంజినీరింగ్ సీటు సార్. కాకుంటె తాత కాగితం దొర్కుత లేదు.”

సారు వింటూ రాయడం ఆపేశాడు. ఆ వాకిట్లో ఆ నిమిషాన జరిగిందాన్ని కాస్త ఆగి చూడాలి. ఒక సర్కారు ఉద్యోగి, సర్కారు ఫారం చేతపట్టుకుని, ఈ పిల్లవాడు ఏడేళ్లుగా ఇక్కడే చదువుతున్నాడని, ఇంట్లో భూమి లేదని, ఉన్నది రెండు గదుల రేకుల ఇల్లేనని కళ్లారా చూసి రాసుకున్నాడు. స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో పిల్లవాడి పేరు ఆయన చేతిరాతతోనే ఉంది. ఇంతకు మించిన వెరిఫికేషన్ ఉంటుందా? అయినా ఆ ఫారంలోని సంగతి స్కాలర్‌షిప్ ఫైలులోకి వెళ్లే దారి లేదు. ఒకటి సర్వే, ఇంకొకటి ఉన్నత విద్య. సర్కారుకు తెలిసిన సంగతినే సర్కారు దగ్గరికి మోసుకుపోయి సర్కారుకే రుజువు చేయాలి.

“నేను రాసిస్త గానీ నా సంతకం చెల్లదురా. గెజిటెడ్ కాదు” అన్నాడు సారు.

సీటు వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఓ ప్రైవేటు కాలేజీ, సివిల్ బ్రాంచి. తాత సాగర్ కట్టాడు, తనూ అలాంటిదేదో కట్టొచ్చని ఆ బ్రాంచి పెట్టుకున్నాడంటే కథకు బాగుంటుంది. నిజానికి కంప్యూటర్స్‌కు ర్యాంకు చాలలేదు, అంతే. పదివేల లోపు ర్యాంకొస్తే బీసీలకు ఫీజు మొత్తం సర్కారు ఇచ్చేది, దాటితే 35 వేలు. ఇతనికి పదివేలు ఎప్పుడో దాటింది. కాలేజీ ఫీజూ అంతే కాబట్టి పాత పథకం ప్రకారం చేతి నుంచి ట్యూషన్ ఫీజు పడకూడదు.

అడ్మిషన్ కౌంటర్లో గుమస్తా కవరంతా తిరగేశాడు.

“ఫీజు?”

“రీయింబర్స్‌మెంట్ సార్.”

“ఏ రీయింబర్స్‌మెంట్ బాబూ? పాతది తీసేశారు. కొత్తదానికి గైడ్‌లైన్స్ లేవు. మీరైతే కట్టండి. గవర్నమెంట్ మాకిస్తే మీకు తిరిగిస్తాం.”

“రశీదుల గట్లని రాసిస్తరా సార్?” అన్నాడు నాయన.

గుమస్తా ఆయన వైపు మొదటిసారి చూశాడు. “అట్లాంటివేం రాయం పెద్దాయనా.”

నాయన ఊరికి తిరిగొచ్చి గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. పాలమూరులో దీని అర్థం అందరికీ తెలుసు. తీరేదాకా మేస్త్రి పంపిన చోటికి పోవాలి, ఇచ్చిన రేటుకు చేయాలి. పైన నూటికి మూడు రూపాయల వడ్డీ. 35 వేలకు నెలకు 1,050. ప్రభుత్వం ఒక నిబంధన గురించి ఆలోచించుకున్న ప్రతి నెలకూ ఆ ఇంటి నుంచి కట్టిన రుసుము అది.

ఆ చలికాలం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. హైకోర్టులో జీవో మీద పిటిషన్లు పడ్డాయి. ఆంధ్రా, తెలంగాణ ప్రభుత్వాలు ఫీజుల భారం ఎవరిదని పత్రికల్లో వాదించుకున్నాయి. ఫాస్ట్ విధివిధానాలు ఇవాళ రేపు అంటూనే నెలలు గడిచాయి. 1956 రుజువుగా ఏం చూడాలో తహసీల్దార్లకు స్పష్టంగా చెప్పినవాళ్లు చివరిదాకా లేరు. 2015 ఆరంభంలో ముఖ్యమంత్రి కేసీఆర్ ఫాస్ట్‌ను రద్దు చేశారు. పాత పద్ధతే కొనసాగుతుందన్నారు. 1956 అన్న అంకె పథకంలోంచి వచ్చినంత హఠాత్తుగా వెళ్లిపోయింది.

స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేయడానికి అబ్బాయికి నెట్ సెంటర్లో అరగంట కూడా పట్టలేదు. టెన్త్ హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం కొట్టగానే పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ బోర్డు లెక్కల నుంచి వాటంతటవే వచ్చి పడ్డాయి. కుల, ఆదాయ సర్టిఫికెట్ల మీసేవ నంబర్లు వేశాడు. స్థానికతకు స్కూలు బోనఫైడ్‌లు. ఆగస్టులో వీఆర్‌వో పక్కకు నెట్టిన కాగితాలే అవి.

పరీక్షల బోర్డు లెక్కల్లోంచి పేరు నేరుగా వచ్చిపడటం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వెరిఫికేషన్ బాగుపడటమంటే అదే. సర్కారు దగ్గర ఉన్నదాన్ని సర్కారే తెచ్చుకోవడం. పిల్లవాడు మోసుకురానక్కర్లేదు, గుమస్తా పోల్చి చూడనక్కర్లేదు, మధ్యలో దిద్దేవాడు ఉండడు. ఇదే తీరున ఆదాయం విషయంలో కూడా వాహనాల రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను లెక్కలను తెర వెనక కలిపి చూస్తే మేడ ఉన్నవాడు తేలతాడు. కూలీని పదిసార్లు పిలవాల్సిన పని తప్పుతుంది. కాకపోతే ఆ లెక్కలు తప్పైనప్పుడు చెప్పుకునే చోటు ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకు భూమి, కారు, పన్ను, కుటుంబంలో సర్కారు ఉద్యోగం అన్నీ కంప్యూటర్లోనే వడపోసినప్పుడు, తన పేరిట ఎవరిదో కారు ఉందని తేలి సచివాలయాల చుట్టూ తిరిగినవాళ్లను చూశాం. యంత్రం వేసిన ముద్రను చెరిపే అధికారం మనిషికి, అందులోనూ పిల్లవాడు ఒక్క బస్సులో చేరగలిగినంత దూరంలోని మనిషికి ఉండాలి.

ఇక కాలేజీ. దరఖాస్తు ప్రింటు, జతపత్రాలు కాలేజీలో ఇవ్వాలి. విద్యార్థి వచ్చి వేలిముద్ర వేయాలి. ప్రిన్సిపాల్ లాగిన్ నుంచి అది జిల్లా సంక్షేమాధికారికి పోవాలి. అక్కడ మంజూరై, బిల్లయి, ట్రెజరీలో టోకెన్ పడి, నిధులు వదిలినప్పుడు కదలాలి. మెయింటెనెన్స్ సొమ్ము పిల్లవాడి ఖాతాకు, ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకు.

ఇందులో ఎవరు ఎవరిని తనిఖీ చేస్తున్నారో చూడండి. ఈ విద్యార్థి మా దగ్గర నిజంగా చదువుతున్నాడు, హాజరు 75 శాతం ఉంది అని చెప్పేది కాలేజీ. ఆ మాట మీద డబ్బు అందేదీ కాలేజీకే. పిల్లవాడి తాత దాకా తవ్విన వ్యవస్థ, కాలేజీ మాటను మాత్రం ఒక క్లిక్కుతో ఒప్పుకుంటుంది. ఎక్కువ కాలేజీలు నిజాయతీగానే పంపుతాయి, నిజమే. కానీ నమ్మకాన్ని ఏ చోట పెడుతున్నామో చూసుకోవద్దా?

చూసుకోకపోతే ఏమవుతుందో దేశమంతా 2023లో చూసింది. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ తన స్కాలర్‌షిప్‌ల మీద అనుమానమొచ్చి 1,572 విద్యాసంస్థలను పరిశీలింపజేస్తే 830 చోట్ల అక్రమాలు తేలాయి. 2017-18 నుంచి 2021-22 దాకా రూ.144.83 కోట్ల నష్టమని లెక్కగట్టి సీబీఐకి ఫిర్యాదు చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో చూసిన 62కు 62 బోగస్ అని తేలింది. ఒకే ఫోను నంబరు మీద 22 మంది పిల్లలు, అందరూ తొమ్మిదో తరగతే అన్న సంగతి వార్తలకెక్కింది. ఆ దరఖాస్తులేవీ దొంగదారిన రాలేదు. సంస్థ నోడల్ అధికారి సరేనన్నాడు, జిల్లా నోడల్ అధికారి సరేనన్నాడు, బ్యాంకు సరేనంది. ఒకరు చూశారు కదా అని ఇంకొకరు చూడలేదు. ఇన్ని అంచెల తనిఖీలో ఊరికెళ్లి ఆ బడి ఉందో లేదో చూసినవాడు ఒక్కడూ లేడు.

కాలేజీ మాటనే నమ్మే పద్ధతికి విరుగుడుగా ఆంధ్రప్రదేశ్ అంతకు ముందే, 2021లో, ఫీజు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేసింది. తల్లే కాలేజీకి కట్టాలి, కడుతూ పాఠాలు జరుగుతున్నాయో లేదో అడగాలి అన్నది ఉద్దేశం. ఆలోచన మంచిదే. కొందరు కట్టలేదని, సొమ్ము ఇంటి అవసరాలకు పోయిందని కాలేజీలు కోర్టుకెక్కాయి. తర్వాత తల్లీ బిడ్డల జాయింట్ ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. డబ్బు ఎవరి చేతికివ్వాలన్న చర్చ ఇంత నడిచింది గానీ, ఎవరి చేతికిచ్చినా రెండోవాళ్లకు లెక్క ఎలా తెలుస్తుందన్న సంగతి మీద నడిచింది తక్కువ.

కావలసింది పెద్ద యంత్రాంగమేమీ కాదు. కాలేజీ ఖాతాలో ఒక విద్యార్థి పేరిట సొమ్ము పడిన రోజే ఎంత పడింది, ఏ సంవత్సరానికి పడింది అని ఆ విద్యార్థి ఫోనుకు తెలుగులో ఒక మెసేజి రావాలి. ముందే కట్టించుకున్న ఫీజుంటే ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని గడువుండాలి. జిల్లా అధికారి చెప్పాపెట్టకుండా ఓ కాలేజీకి వెళ్లి, ఈపాస్ జాబితాలోంచి తనకు తోచిన యాభై పేర్లు తరగతి గదిలో పిలవాలి. పలికినవాళ్లెందరో పలకనివాళ్లెందరో అదే రోజు నోటీసు బోర్డు మీద అంటించాలి. అప్పుడు వేలిముద్ర కాలేజీది కూడా పడినట్టు.

మన అబ్బాయికి ఏ మెసేజీ రాలేదు. రెండో ఏడాది క్లాసులు మొదలయ్యాక, ఈపాస్‌లో స్టేటస్ చూసుకుంటుంటే తన ఫీజు కాలేజీకి విడుదలైనట్టు కనిపించింది. ఫోన్ చేస్తే నాయన రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఇద్దరూ అదే కౌంటర్ ముందు నిలబడ్డారు.

“పైసలు పడ్డయంట సార్. మేం కట్టిన ముప్పై ఐదు వేలు?”

గుమస్తా కంప్యూటర్లో చూశాడు. కాదనలేదు. “పడ్డాయి. రెండో సంవత్సరం ఫీజు కింద సర్దుకుంటాం లెండి. ఈ ఏడాదిది ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?”

“అది ఒచ్చినప్పుడు తీస్కోండి సార్. ఇది మాది గద.”

“మేనేజ్‌మెంట్ రూలు పెద్దాయనా. అందరికీ ఇట్లాగే సర్దుతున్నాం.”

నాయన జేబులోంచి ఫోను తీసి గుంపు మేస్త్రి నంబరు నొక్కి, మోగుతుండగానే కౌంటర్ కన్నంలోంచి లోపలికి చాచాడు.

“ఇగో సార్, మా మేస్త్రి. ఆయనకు గూడ గట్లనే సర్దుకోమని మీరే జెప్పుండ్రి.”